రాసినవాళ్ళు నోరు మెదపకూడదు

సెప్టెంబర్ 4

చిట్టీ,

నిన్న ఫోన్ నువ్వు ముందు పెట్టేశావా, నేను ముందు పెట్టేశానా అన్నది ఇంకా తేలలేదు. మీ బావేమో ఇద్దరూ ఒకేసారి పెట్టేశారు, అక్కచెల్లెళ్ళంటే అలా ఉండాలి అని నవ్వుతున్నాడు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఫోనయితే మధ్యలో పెట్టేస్తావు. ఉత్తరమయితే చించాలన్నా ముందు ఏం రాశానో చూడకుండా చించవు, నీ సంగతి నాకు తెలుసు. నువ్వూ ఉత్తరమే రాయి. ఫోన్లో అరుచుకునే ఓపిక ఇక నాకు లేదు.

నిన్న నువ్వు విననిది ఇదీ. మా యూనివర్సిటీలో నాకు కొత్త పని అంటగట్టారు. పరిశోధన నిధుల కోసం ప్రపోజల్ ఎలా రాయాలో ప్రొఫెసర్లకు నేర్పాలి. విడివిడిగా కాదు, ప్రతి బుధవారం అందరినీ ఒకచోట కూర్చోబెట్టి. ఇంతింత చదివినవాళ్ళు, తాము రాసిన కాగితం పక్కవాళ్ళకు చూపించమంటే ప్రాణాలడిగినట్టు చూస్తారే! మొదటి బుధవారం ఒకాయన ఫైలు బల్లమీద పెట్టి, దానిమీద మోచెయ్యి ఆనించి, మీటింగ్ అయ్యేదాకా అలాగే కూర్చుని వెళ్ళిపోయాడు. ఆ ఫైల్లో ఏముందో ఈరోజుకీ ఎవరికీ తెలియదు.

నాకు ఒళ్ళు మండి మరుసటి వారం ఒక నియమం పెట్టాను. ఎవరిది వాళ్ళు చదవకూడదు. ఇంకొకరు పైకి చదవాలి. చదివేవాళ్ళ నాలుక ఎక్కడ తడబడితే అక్కడ పక్కన పెన్సిల్ గీత. అందరూ అనాల్సినవన్నీ అనేదాకా రాసినవాళ్ళు నోరు మెదపకూడదు. "నా ఉద్దేశం అది కాదండీ" అనడానికి వీల్లేదు. నిధులిచ్చే ఆఫీసులో ఎవరో నీ కాగితం చదువుతుంటే పక్కన కూర్చుని ఉద్దేశాలు చెప్పుకోలేవు కదా. ఈ నియమం విని ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు మాత్రం నిలిచారు. వంతెనల్లో పగుళ్ళ మీద పనిచేసే ఇంజినీరింగ్ ప్రొఫెసర్ ఒకాయన ఉన్నాడు, మేం వంతెనలాయన అంటాం. మట్టి మేడమ్, గబ్బిలాల సార్ కూడా వస్తున్నారు. వాళ్ళ చదువులేమిటో నీకు వేరే చెప్పక్కర్లేదు.

నీ ప్రపోజల్ పంపు. మూడుసార్లు తిప్పి పంపారంటే లోపం నీ పనిలో లేదు, నీ రాతలో ఉంది. నేల కింద పాతిన నీళ్ళ పైపు ఎక్కడ కారుతోందో చప్పుడు విని చెప్పగలిగిన మనిషివి. ఆ ఒక్క ముక్క కాగితం మీద చెప్పలేకపోతున్నావు. అన్నట్టు, నీ స్నానాలగదిలో కుళాయి ఇంకా కారుతూనే ఉందా?

నువ్వు ఒప్పుకోకపోయినా నీ మంచి కోరే,
అక్క

*

సెప్టెంబర్ 15

అక్కా,

కారుతూనే ఉంది. నా కుళాయి, నా ఇష్టం.

మూడుసార్లు తిప్పి పంపారని ఎత్తి చూపించకుండా నీకు ఒక ఉత్తరం కూడా గడవదు. సరే, నాలుగోసారి గురించి విను. మా హెడ్ నిన్న నా ల్యాబ్‌కి వచ్చాడు. లైబ్రరీ కింద నేలమాళిగలో ఉన్న నా గది నువ్వు చూశావు. పైన కిటికీలోంచి దారినపోయేవాళ్ళ చెప్పులు తప్ప ఇంకేమీ కనిపించవు. అంత నిశ్శబ్దం ఈ క్యాంపస్‌లో ఇంకెక్కడా లేదు. గది పొడుగునా ఇసుక కందకం, అందులో పాత పైపులు. వాటికి నేనే చిల్లులు పెట్టి, నేనే నీళ్ళు వదిలి, పైనుంచి వింటాను. ఆయన కందకం అంచున నిలబడి, బూట్లకు ఇసుక అంటుకుంటుందేమోనని చూసుకుంటూ అన్నాడు: "గది నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి కానీ, ఏడాది ఆఖరు వరకు టైమిస్తున్నానమ్మా. మీ ప్రపోజల్ ఎక్కడో ఒకచోట పరిశీలనకి తీసుకున్నట్టు కాగితం చూపించండి. లేదంటే గది కంప్యూటర్లవాళ్ళకి."

ఆ కందకాన్ని ఎత్తుకెళ్ళి ఇంకో గదిలో పెట్టలేను. గది పోతే పని పోయినట్టే. పన్నెండేళ్ళ పని. ప్రపోజల్ పంపడానికి గడువు నవంబర్ ఆఖరు.

నీకెందుకు పంపనో నీకు తెలుసు. ఎనిమిదో తరగతిలో నేను రాసిన వ్యాసం నువ్వు దిద్దావు. దానికి బహుమతి వచ్చింది. ఆ రోజు నుంచి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ "పెద్దది రాసిచ్చింది, చిన్నది చదివింది" అని చెప్పారు. నువ్వు పక్కనే నిలబడి నవ్వావు.

అయినా పంపుతున్నాను. గది కోసం. చెల్లెలినని జాలి పడకు. నీ పద్ధతేదో ఆ పద్ధతిలోనే చూడు, ఎవరి కాగితమో అన్నట్టు చూడు.

ఇష్టం లేకుండానే,
చిట్టి

*

అక్టోబర్ 3

చిట్టీ,

చూశాం. నీ ప్రపోజల్ దీనితోనే పంపుతున్నాను. గీతలు చూసి హడలిపోకు, మట్టి మేడమ్‌ది దీనికంటే ఎక్కువ నల్లబడింది.

నువ్వన్నట్టే ఎవరి కాగితమో అన్నట్టు పేరు తీసేసి పెట్టాను. వంతెనలాయన చదివాడు. ఆయన గొంతు ఎలా ఉంటుందంటే, బస్సుల టైమ్‌టేబుల్ చదివినా, పెళ్ళిపిలుపు చదివినా ఒకటే. అందుకే ఆయన చేత చదివిస్తాం, రాతలో పస లేకపోతే ఇట్టే బయటపడుతుంది. మొదటి మూడు పేజీలూ శబ్దశాస్త్రం చరిత్ర. గబ్బిలాల సార్ ఆవులించాడు. నాలుగో పేజీలో ఒక వాక్యం ఆరు లైన్లు సాగింది. మధ్యలో ఆయన ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ ఆగాడు. అక్కడ గీత కాదు, గోడ కట్టాల్సింది. నీళ్ళు వృథా అవుతున్నాయన్న మాట తొమ్మిదో పేజీలో వచ్చింది. అది వినగానే మట్టి మేడమ్ బల్ల చరిచి, "ఇది మొదట చెప్పరేం? ఈ మనిషి ఇంత మంచి సంగతి పెట్టుకుని ఎవరి దగ్గర దాస్తోంది?" అంది.

నీదని ఎవరికీ చెప్పలేదు. నా మొహం చూసి వాళ్ళే పోల్చుకున్నారు. వంతెనలాయన మాత్రం మీటింగ్ అయ్యాక కూడా లేవలేదు. తొమ్మిదో పేజీ దగ్గరే కూర్చుని రెండుసార్లు చదువుకున్నాడు.

మొదటి మూడు పేజీలు తీసిపారెయ్యి. తొమ్మిదో పేజీని ముందుకు తీసుకురా. గడువుకి ఇంకా చాలినంత టైముంది.

నీ రాత బాగుపడాలని,
అక్క

*

అక్టోబర్ 12

అక్కా,

నిన్ను చదవమన్నాను. ఊరందరినీ కూర్చోబెట్టమనలేదు.

"నీ పద్ధతిలో చూడు" అంటే, మొహమాటం లేకుండా నువ్వు చూడమని అర్థం. నువ్వు, అక్కవి, ఒక్కదానివి. ముక్కూమొహం తెలియనివాళ్ళ ముందు నా బట్టలు ఆరెయ్యమని కాదు. ఎవరో ఆవులించారట! ఎవరో బల్ల చరిచారట! మోచేతుల కింద ఫైళ్ళు దాచుకునేవాళ్ళందరూ కలిసి నా ఫైలు విప్పి చూశారన్నమాట. పైగా నా మొహం కాదు, నీ మొహం చూసి పోల్చుకున్నారట. అంత సిగ్గేసిందా నీకు?

నేను అక్కడ ఉంటే ఒక్కొక్క గీతకీ జవాబు చెప్పేదాన్ని. ఆ ఆరు లైన్ల వాక్యం ఎందుకంత పొడుగుందో చెప్పేదాన్ని. కానీ మీ రాజ్యంలో రాసినవాళ్ళు నోరు మెదపకూడదు కదా. నోరు మూయించడానికి నన్ను అక్కడికి పిలవాల్సిన పని కూడా లేకపోయింది.

విను. ఒక్క అక్షరం మార్చడం లేదు. శబ్దశాస్త్రం చరిత్రతో సహా, ఉన్నదున్నట్టు పంపేశాను. నీ పెన్సిల్ గీతలు చెరపడానికి రబ్బరు కూడా దండగ.

చిట్టి

*

అక్టోబర్ 20

ఏమే,

కోపమొస్తే వెనకాముందూ చూసుకోవా? గది పోతుందని ఏడుస్తూ రాసింది నువ్వు. మూడుసార్లు తిప్పి పంపిన కాగితాన్నే నాలుగోసారి పంపిందీ నువ్వే. నా మీద కోపానికి నీ కాలే విరగ్గొట్టుకుంటావా?

నాకు సిగ్గేయలేదు. తొమ్మిదో పేజీ చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది. దాన్ని చూసి పోల్చుకున్నారు వాళ్ళు. ఆ మాట రాయడానికి మొహమాటపడి "మొహం" అని ఊరుకున్నాను. రాత నేర్పేదాన్ని నేనే సరిగ్గా రాయలేదు, బాగా నవ్వుకో.

ఇక వ్యాసం సంగతి. "పెద్దది రాసిచ్చింది" అని చెప్పింది నాన్న. నేను దిద్దింది రెండే రెండు మాటలు. అది చెప్పబోతే "ఊరుకో, దానికి దిష్టి తగులుతుంది" అన్నాడు. నేను నవ్వలేదు. నా మొహం అంతే. ఇన్నేళ్ళుగా అది కడుపులో పెట్టుకుని నాతో మాట్లాడుతున్నావా? ఎప్పుడైనా అడిగి ఏడవకూడదా!

ఇంకొకటి ఉంది నీకు చెప్పాల్సింది, చాలా ముఖ్యమైనది. ఇప్పుడు చెప్పను. ఇప్పుడు చెబితే వినకుండానే కాదంటావు. ఇక్కడ ఒకసారి పైకి చదవడం అయిపోనీ, అప్పుడు మొత్తం నీ ముందు పెడతాను. అంతవరకు కాస్త నోరు మూసుకుని ఉండు.

మీ బావ ఈ ఉత్తరం చదివి చివరి వాక్యం కొట్టెయ్యమన్నాడు. కొట్టెయ్యలేదు.

అక్క

*

నవంబర్ 9

అక్కా,

ఆ ముఖ్యమైన సంగతి నాకు తెలిసిపోయింది. నువ్వు చెప్పకపోయినా చెప్పేవాళ్ళున్నారు.

మొన్న ఒక సదస్సుకి వెళ్ళాను. భోజనాల దగ్గర నీ యూనివర్సిటీ మనిషొకాయన నా పక్కన కూర్చున్నాడు. నేనెవరో తెలియదు. "మా వంతెనల ప్రొఫెసర్ కొత్త ప్రపోజల్ రాస్తున్నాడండీ, పగుళ్ళని చప్పుడు విని కనిపెడతాడట. పైపులకి కూడా పనికొస్తుందట" అన్నాడు. ప్లేటు అక్కడే వదిలి లేచొచ్చేశాను.

తొమ్మిదో పేజీ రెండుసార్లు ఎందుకు చదువుకున్నాడో ఇప్పుడర్థమైంది. నువ్వు నన్నెందుకు నోరు మూసుకోమన్నావో కూడా. ఆయన ప్రపోజల్ పూర్తయ్యేదాకా, అంతేగా? నీ బుధవారాల పేరు నిలబడాలి, ఒకటైనా గెలవాలి. దానికి చెల్లెలి పని పనికొచ్చింది.

మీ డీన్‌కి రాశాను. నా ప్రపోజల్ మీ గుంపు చేతికి ఎలా చిక్కిందో, దాన్ని వంతెనలాయన ఎలా తన పేరుతో రాసుకుంటున్నాడో అన్నీ రాశాను. నీ పేరు కూడా రాశాను. మన ఇంటిపేరు ఒకటే అని కూడా చూడలేదు.

ఇక నాకు ఉత్తరాలు రాయకు.

*

నవంబర్ 18

రాస్తాను. చదివి తీరాలి.

సోమవారం డీన్ నన్నూ వంతెనలాయన్నీ పిలిచాడు. బల్లమీద ఒక పక్క నీ ఫిర్యాదు. ఇంకో పక్క వంతెనలాయన ముసాయిదా, మరుసటి బుధవారం చదవడానికి పెట్టింది. డీన్ ఒకటి చూస్తాడు, ఇంకోటి చూస్తాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూస్తాడు. "మేడమ్, ఈ ప్రపోజల్లో ప్రధాన పరిశోధకురాలిగా పైన ఉన్నది ఈవిడ పేరే కదా? తన ప్రపోజల్ని ఎవరో దొంగిలించారని తనే ఫిర్యాదు చేసిందా?" అన్నాడు.

అర్థమైందా? పైన నీ పేరు. కింద, రెండోది, ఆయన పేరు. ఆ రోజు మీటింగ్ అయ్యాక లేవకుండా కూర్చుని ఆయన నాతో అన్నది ఇది: "పగులు కనిపించాక నేను పనికొస్తాను. కనిపించకముందే వినగలిగేది మీ చెల్లెలు. ఈ పని ఆవిడది. ఆవిడ ముందు నడిస్తే నేను వెనకాల వస్తాను, అడుగుతారా?" నేను అడగలేదు. అడిగితే వద్దంటావని. బుధవారం చదివించి, గీతలన్నీ సరిచేసి, వంక పెట్టడానికి వీల్లేకుండా నీ చేతిలో పెట్టి సంతకం అడుగుదామనుకున్నాను. నెలాఖరులోపు అది వెళ్ళుంటే, పరిశీలనకి తీసుకున్నట్టు కాగితం నీ చేతిలో ఉండేది. నీ హెడ్ మొహాన కొట్టేదానివి.

ఇప్పుడు విచారణ ముగిసేదాకా మా బుధవారాలు బంద్. మట్టి మేడమ్, గబ్బిలాల సార్ ప్రపోజల్స్ కూడా ఆపేశారు. ఏ పాపమూ ఎరగనివాళ్ళు. మీటింగ్ గది తాళం నా దగ్గర్నుంచి తీసుకున్నారు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నన్నెవరూ తాళం ఇచ్చెయ్యమని అడగలేదు. నా సొంత చెల్లెలు అడిగించింది.

వంతెనలాయన నిన్ను ఒక్క మాట అనలేదు. మెట్లు దిగుతూ, "ముందే చెప్పాల్సింది మేడమ్" అన్నాడు నాతో. తిట్టినా బాగుండేది.

ఇక నువ్వు రాసినా రాయకపోయినా ఒకటే.

*

డిసెంబర్ 6

వంతెనల ప్రొఫెసర్ గారికి,

సార్, మీ ల్యాబ్ షెడ్డు అడ్రసుకి రాస్తున్నాను. మీటింగ్ గదికి తాళం పడ్డా మీరంతా మీ షెడ్లోనే కూర్చుంటున్నారని మా బావ చెప్పాడు. ఒక సహాయం చెయ్యండి. బుధవారం ఈ ఉత్తరం అందరి ముందూ పైకి చదవండి. మా అక్క కూడా ఉండాలి. నియమం ప్రకారం, ఈసారి నోరు మెదపకూడనిది మా అక్క.

మొదట మీకు. నేను మిమ్మల్ని దొంగ అన్నాను. మీరు కాదు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు అక్క ఉత్తరం అందిన రోజే మీ డీన్‌కి రాశాను. మట్టి మేడమ్, గబ్బిలాల సార్ ప్రపోజల్స్ గడువులోపే వెళ్ళాయని తెలిసి కాస్త ఊపిరి పీల్చుకున్నాను. మన ప్రపోజల్ మాత్రం విచారణలో ఇరుక్కుని వెళ్ళలేదు. అది నా వల్లే. మీరు తిట్టకపోవడం వల్ల నాకింకా కష్టంగా ఉంది.

నేను ఉన్నదున్నట్టు పంపిన ప్రపోజల్ మొదటి వడపోతలోనే తిరిగొచ్చింది. చూపించడానికి ఇక ఏ కాగితమూ లేదు కాబట్టి ఏడాది ఆఖరు దాకా ఆగకుండా నిన్నే గది తాళం హెడ్ చేతిలో పెట్టాను. కందకంలో ఇసుక పారలతో ఎత్తి పోశారు. పైపులు వరండాలో పడున్నాయి. "ఇవి పాతసామాన్లవాడికి వేసెయ్యాలా మేడమ్?" అని అడిగారు. వద్దని చెప్పి ఆ పైపుల మీదే చాలాసేపు కూర్చున్నాను.

ఇప్పుడు మా అక్కకి. ఈపాటికి నోరు తెరవబోతూ ఉంటుంది. తెరవనివ్వకండి.

అక్కా, నాకు నీ మీద కోపం పోలేదు. గీతలు పెట్టినందుకు కాదు. గీతలన్నీ సరైన చోటే ఉన్నాయి, అందుకే అంత మండింది. నా పేరు పైన పెట్టావు, గొప్ప గౌరవమే. కానీ అది నా పేరు. నన్ను అడగాలి. నిద్రపోతున్న పిల్లని ఎత్తి మంచం మీద పడుకోబెట్టినట్టు నన్ను తీసుకెళ్ళి పైన పెట్టావు. నాకు నలభై నాలుగేళ్ళు. కాదంటానని అడగలేదన్నావు. కాదనే హక్కు కూడా నాదే కదా? నిధులిచ్చేవాళ్ళ ముందు నేను ఎలాగూ మాట్లాడలేను. వాళ్ళ దగ్గర నా కాగితమే మాట్లాడాలి, ఆ నియమం న్యాయమే. నీ దగ్గర కూడా నేను నోరు మూసుకోవాలంటే, ఇక ఎక్కడ మాట్లాడను?

నువ్వు ఏడ్చావని అప్పుడే రాసి ఉంటే నేను పాత కాగితాన్ని ఉన్నదున్నట్టు పంపేదాన్ని కాదు. నాన్న సంగతి ముప్పై ఏళ్ళ కిందటే చెప్పి ఉంటే ఇందులో సగం ఉత్తరాలు రాసేదాన్నే కాదు. నేనూ అడగలేదు. ఈ ఇంటి మనుషులకి అడగడం రాదు.

సార్, చివరిగా ఒకటి. మొదటి మూడు పేజీలు తీసేశాను. ఇప్పుడు నా ప్రపోజల్ ఇలా మొదలవుతుంది. తడబడితే గీత పెట్టండి:

"ఊరికి వదిలిన నీళ్ళలో చాలా భాగం ఏ ఇంటికీ చేరదు. నేల కిందే కారిపోతుంది. ఎక్కడ కారుతోందో రోడ్డు తవ్వకుండా, చెవితో చెప్పవచ్చు. ఎలాగో ఈ పేజీల్లో చూపిస్తాం."

ఆ ఆఖరి మాట "చూపిస్తాను" అని ఉండేది. మార్చాను.

మీ అందరికీ తలవంచి,
చిట్టి

*

డిసెంబర్ 14

చిట్టీ,

చదివాడు. టైమ్‌టేబుల్ చదివినట్టే చదివాడు. నువ్వు నన్ను కడిగి పారేసిన చోట కూడా గొంతు మారలేదు. షెడ్లో విరగ్గొట్టిన కాంక్రీటు దూలాల మధ్య ప్లాస్టిక్ కుర్చీలో నిప్పుల మీద కూర్చున్నట్టు కూర్చున్నాను. రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ మట్టి మేడమ్ చెయ్యెత్తి ఆపింది. నా నియమం నా మీద పడితే ఎంత మంటగా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. కోపం నాకూ పోలేదు. తాళం సంగతి చచ్చేదాకా మర్చిపోను, నువ్వూ మర్చిపోకు.

నీ ప్రపోజల్ మొదలు దగ్గర ఆయన ఎక్కడా తడబడలేదు. చదివేసి పెన్సిల్ కింద పెట్టాడు.

నియమం మార్చాం. ఇక ఎవరి కాగితమైనా ముందు వాళ్ళని అడిగే చదువుతాం. చదివాక మొదటి మాట వాళ్ళదే. గబ్బిలాల సార్ దీన్ని సున్నంతో షెడ్డు గోడ మీద రాశాడు, వంకరగా.

షెడ్డు వెనక ఎవరూ వాడని గది ఒకటుంది. కిటికీ లేదు, చప్పుడు రాదు. వంతెనలాయన నిన్న పొద్దున పార తీసుకొచ్చి, కందకం తవ్వడానికి నేల మీద సుద్దతో గీత గీశాడు. పార ఎత్తాడు కూడా. అంతలో దించేసి, "ముందు ఆవిడని అడగండి" అన్నాడు. వచ్చే గడువు వేసవిలో. అప్పటికి నీ పైపులు ఇక్కడికి తెచ్చుకోవచ్చు.

అందుకని అడుగుతున్నాను. తవ్వమంటావా, వద్దంటావా? వద్దన్నా సరే. నువ్వు చెప్పేదాకా ఎవరూ పార ముట్టుకోరు.

జవాబు వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చునే,
అక్క